ఫిబ్యులా: సూదికి దక్కిన పిన్నీసు పేరు

మోకాలికీ చీలమండకూ మధ్య రెండు ఎముకలు పక్కపక్కనే ఉంటాయి. లోపలివైపున్న లావుపాటి ఎముక టిబియా, బయటివైపున్న సన్నటిది ఫిబ్యులా. మన పాఠ్యపుస్తకాల్లోని అంతర్జంఘిక, బహిర్జంఘిక అనే పేర్లు అవి ఉన్న చోటును చెబుతాయి. ఫిబ్యులా అనే లాటిన్ పేరుకు మాత్రం ఆకారమే ఆధారం.

రోమన్లు పైవస్త్రాన్ని భుజం దగ్గర జారిపోకుండా బిగించుకునే లోహపు కొక్కేన్ని ఫిబ్యులా అనేవారు. బిగించడం అనే అర్థమున్న 'ఫిగెరె' క్రియ నుంచి పుట్టిన మాట ఇది. వంగిన కమ్మీ, దాని గాడిలో ఇరుక్కునే సూది కలిసిన ఆ కొక్కెం మన పిన్నీసుకు పూర్వరూపం. రెండు ఎముకలనూ కలిపి చూస్తే టిబియా కమ్మీలాగా, దాని పక్కన ఫిబ్యులా సూదిలాగా కనిపిస్తాయి. నిజానికి సూదికి మొత్తం పిన్నీసు పేరు పెట్టేశారన్నమాట! ఈ విషయంలో గ్రీకులే నయం: వారు ఈ ఎముకను 'పెరోనే' అన్నారు, అంటే కొక్కెంలోని సూది. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ దీనిని 'సూరా' అన్నాడు. 1543లో వెలువడిన వెసాలియస్ శరీర నిర్మాణ గ్రంథంలో ఇది ఫిబ్యులాగా కనిపిస్తుంది.

గ్రీకు పేరు పూర్తిగా పోలేదు. ఎముక పైకొసకు కాస్త కింద, చర్మానికి దగ్గరగా చుట్టుకుని పోయే నాడిని వైద్యులు ఇప్పటికీ పెరోనియల్ నాడి అంటారు. గంటల తరబడి గొంతు కూర్చుని పొలం పని చేసినా, కాలు మీద కాలు వేసుకుని కదలకుండా కూర్చున్నా ఈ నాడి నొక్కుకుపోయి, పాదం పైకి లేవక వేలాడిపోవచ్చు. జననాంగాలకూ మలద్వారానికీ మధ్య భాగాన్ని సూచించే 'పెరీనియల్' అనే మాటతో ఈ పేరు సులభంగా తారుమారవుతుంది. 1998 నాటి అంతర్జాతీయ శరీర నిర్మాణ పదావళి ఈ నాడికి 'ఫిబ్యులారిస్'ను ప్రధాన నామంగా ఇచ్చి, 'పెరోనియస్'ను ప్రత్యామ్నాయంగా ఉంచింది.

శరీర బరువులో అత్యధిక భాగాన్ని టిబియాయే మోస్తుంది. అందుకే నోటి క్యాన్సర్ వల్ల దవడ ఎముక తీసేయవలసి వచ్చినప్పుడు శస్త్రవైద్యులు ఫిబ్యులా నడిమి భాగాన్ని రక్తనాళాలతో సహా తీసి అక్కడ అమరుస్తారు. 1989లో డేవిడ్ హిడాల్గో ఈ పద్ధతిని దవడకు వాడి చూపాడు. అయితే కొసలను మాత్రం వదిలేస్తారు: పైన నాడి దెబ్బతినకూడదు, కింద చీలమండ కీలు పట్టు సడలకూడదు. పిన్నీసులా బిగించి ఉంచే పని ఏదైనా ఉంటే, అది ఆ కిందికొసలోనే ఉంది.