మొదటి డ్యాష్‌బోర్డు కట్టబోతున్న పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ సైటుకి ఎంతమంది వస్తున్నారు, ఏ పేజీ చదువుతున్నారు, ఆ పేజీ ఫోనులో ఎంతసేపటికి తెరుచుకుంటోంది, ఇవన్నీ ఒకే తెర మీద కనిపించాలి. చూసేవాళ్లు తేదీ మార్చినా, ఫోనా కంప్యూటరా అని ఎంచుకున్నా అంకెలు దానికి తగ్గట్టు మారాలి. మీరు అడిగింది ఇదే కదా. బొమ్మలు పెట్టడం ఒక పూట పని. ఆ బొమ్మలోని అంకె దేన్ని లెక్కపెట్టింది, దేన్ని వదిలేసింది అన్నది తెలుసుకోవడానికే ఎక్కువ రోజులు పడుతుంది. అందుకే ఈ ఉత్తరంలో రంగుల సంగతి తక్కువ, లెక్కల సంగతి ఎక్కువ.

ముందు కంప్యూటరు మూసి కాగితం తీయండి. మూడు ప్రశ్నలు రాయండి, నాలుగోది వద్దు. చదివేవాళ్లు పెరిగారా తగ్గారా? వాళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నారు? ఏ పేజీకి వచ్చి నిలవకుండా వెళ్లిపోతున్నారు? ఒక్కో ప్రశ్న పక్కన "ఈ అంకె పడిపోతే నేనేం చేస్తాను" అని కూడా రాయండి. జవాబు తోచకపోతే ఆ ప్రశ్న కొట్టేయండి. స్కూటరు డ్యాష్‌బోర్డు మీద వేగం, పెట్రోలు కనిపిస్తే చాలు. ఇంజిన్లో స్క్రూలు ఎన్నున్నాయో ఎవరూ రాయరు.

పనిముట్లు మూడు చాలు, మూడూ ఉచితమే. రాకపోకల లెక్కకి గూగుల్ అనలిటిక్స్ 4. వెతుకులాటలో మీ సైటు ఎలా కనిపిస్తోందో చెప్పడానికి సెర్చ్ కన్సోల్. ఈ రెండింటినీ బొమ్మలుగా చూపించడానికి లుకర్ స్టూడియో. 2022 దాకా దీన్నే డేటా స్టూడియో అనేవాళ్లు, పాత వీడియోల్లో ఆ పేరు వినబడితే తికమక పడొద్దు. 2023 జూలైకి ముందు చేసిన అనలిటిక్స్ పాఠాలు చూడొద్దు. అవి చాలావరకు పాత యూనివర్సల్ అనలిటిక్స్ గురించి, అది ఆ నెలతో ఆగిపోయింది. సొంత సైటు లేనివాళ్లు గూగుల్ వాళ్ల డెమో అకౌంటు తీసుకోండి. గూగుల్ బొమ్మలున్న టీషర్టులు, కప్పులు అమ్మే వాళ్ల దుకాణం అసలు లెక్కలే అందులో ఉంటాయి. చెయ్యి తిరగడానికి అది చాలు.

సొంత సైటు ఉన్నవాళ్లు బొమ్మలకి ముందు రెండు పనులు చేయాలి. అనలిటిక్స్ అడ్మిన్‌లో ప్రాపర్టీ (అంటే అనలిటిక్స్‌లో మీ సైటు ఖాతా) టైమ్ జోన్ భారతదేశానికి ఉందో లేదో చూడండి. అమెరికా పశ్చిమ తీరానికి ఉండిపోతే మీ గురువారం ఉదయం తొమ్మిది గంటల పాఠకుడు బుధవారం లెక్కలో పడతాడు. రెండోది మీ సొంత రాకపోకలు. రోజుకి ఇరవైసార్లు మీ సైటు మీరే తెరిచి, "ఇవాళ జనం బాగా వచ్చారు" అని మురిసిపోవడం కొత్తవాళ్లందరూ చేసేదే. డిఫైన్ ఇంటర్నల్ ట్రాఫిక్ దగ్గర మీ ఇంటి ఐపీ చిరునామా (మీ ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) ఇచ్చి, తర్వాత డేటా ఫిల్టర్స్‌లోకి వెళ్లి దాన్ని టెస్టింగ్ నుంచి యాక్టివ్‌కి మార్చండి. ఈ రెండో అడుగు మర్చిపోతే మొదటిది చేసీ లాభం లేదు. ఫిల్టరు పెట్టిన రోజు నుంచే పనిచేస్తుంది, వెనకటి లెక్క మారదు. ఇంటి బ్రాడ్‌బ్యాండు ఐపీ అప్పుడప్పుడూ మారిపోతుంది కాబట్టి నెలకోసారి సరిచూసుకోండి.

ఇక కట్టడం. లుకర్ స్టూడియోలో బ్లాంక్ రిపోర్ట్ తెరిస్తే డేటా ఎక్కణ్ణుంచి తేవాలని అడుగుతుంది. గూగుల్ అనలిటిక్స్ ఎంచుకుని, మీ అకౌంటు, ప్రాపర్టీ చూపించి యాడ్ నొక్కండి. అదే ఒక టేబుల్ పెట్టేస్తే తీసేయండి. పై వరసలో నాలుగు స్కోర్‌కార్డులు, అంటే ఒక్కో అంకె చూపించే గళ్లు: యూజర్లు (వచ్చిన మనుషులు), సెషన్లు (వాళ్ల రాకలు), ఎంగేజ్‌మెంట్ రేటు, కీ ఈవెంట్లు (ఫారం నింపడం లాంటి, మీరు ముఖ్యమని గుర్తుపెట్టిన పనులు). వాటి కింద రోజువారీ సెషన్ల టైమ్ సిరీస్ గీత. దాని కింద ఎడమవైపు ఏ దారిన వచ్చారో చెప్పే అడ్డ బార్లు, కుడివైపు పేజీల టేబుల్. మొదటిదానికి ఇంతే. ముక్కలుగా కోసిన గుండ్రటి పై (pie) చార్టు వద్దు. మూడు ముక్కలు దాటితే ఏ ముక్క పెద్దదో కంటికి ఆనదు, బార్లలో వెంటనే తెలుస్తుంది.

యాడ్ ఎ కంట్రోల్‌లోంచి మూడు మీటలు పెట్టండి: తేదీల పరిధి, పరికరం, వచ్చిన దారి. తేదీ మొదట 28 రోజులకి ఉంచండి, 30కి వద్దు. 28 రోజుల్లో ఏ వారమైనా సరిగ్గా నాలుగుసార్లే వస్తుంది. 30 రోజుల్లో ఒక నెల నాలుగు ఆదివారాలు, ఇంకో నెల అయిదు పడతాయి. ఆదివారం రాకపోకలు వేరుగా ఉండే సైటుకి ఆ ఒక్క తేడాతోనే "పెరిగింది", "తగ్గింది" అని అబద్ధపు బాణాలు వస్తాయి. స్కోర్‌కార్డులో పోలిక కోసం ప్రీవియస్ పీరియడ్ పెట్టండి. ఇవాళ్టి తేదీని పరిధిలోంచి తీసేయండి. అనలిటిక్స్ లెక్క పూర్తిగా తేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇవాళ్టిని కలిపితే గీత కొస ఎప్పుడు చూసినా కిందికి వాలి ఉంటుంది, చూసినవాళ్లు ఉత్తపుణ్యానికి కంగారుపడతారు.

చార్టుల సెట్టింగుల్లో క్రాస్ ఫిల్టరింగ్ అని ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే బార్ల మీద ఒక దారిని నొక్కగానే పక్క టేబుల్లో ఆ దారిన వచ్చినవాళ్లు చదివిన పేజీలే మిగులుతాయి. చూసేవాడు నొక్కిన ప్రతి నొక్కూ ఒక ప్రశ్న, తెర వెంటనే జవాబు చెప్పాలి. జవాబు మారనిచోట మీట పెట్టకండి. ఎందుకంటున్నానో సెర్చ్ కన్సోల్ దగ్గర తెలుస్తుంది.

ఇప్పుడు అంకెల అర్థాలు. ఇక్కడ తొందరపడకండి.

యూజర్లని కూడకూడదు. ఒకే మనిషి సోమ, మంగళ, బుధ వారాలు వస్తే రోజువారీ లెక్కలు కూడితే మూడు, వారం లెక్క ఒకటి. రెండూ తప్పు కాదు, ప్రశ్నలే వేరు. అందుకే టేబుల్లో వరసలన్నీ కూడినా పైనున్న యూజర్ల స్కోర్‌కార్డుతో సరిపోదు. పాడైపోయిందనుకుని మొత్తం పీకేసిన పిల్లలున్నారు.

ఎంగేజ్‌మెంట్ రేటు అంటే నిలిచిన సెషన్ల శాతం. పది సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు చూసినా, కీ ఈవెంట్ ఒక్కటి జరిగినా నిలిచినట్టే. పది సెకన్లలో మీ వ్యాసం ఎవరూ చదవలేరు. కాబట్టి ఈ రేటుని "చదివారు" అని చెప్పకండి, "వెంటనే వెళ్లిపోలేదు" అని చెప్పండి. బౌన్స్ రేటు దీనికి తిరగేసిన అంకె, 60 శాతం నిలిస్తే 40 శాతం బౌన్స్. రెండూ ఒకే తెర మీద పెట్టడం చోటు దండగ.

శాతాల సగటు తీయొద్దు. ఇది పెద్ద పెద్ద కంపెనీల రిపోర్టుల్లోనూ దొర్లే పొరపాటు. ఒక పేజీ వెతుకులాటలో 10 సార్లు కనిపించి 5 నొక్కులు తెచ్చింది, అంటే 50 శాతం. ఇంకోటి 990 సార్లు కనిపించి 15 తెచ్చింది, సుమారు ఒకటిన్నర శాతం. ఆ రెండు శాతాల సగటు దాదాపు 26. అసలు లెక్క 1000కి 20, అంటే 2 శాతం. గూగుల్ షీటులోంచి డేటా తెచ్చేటప్పుడు శాతం నిలువు వరసని తేకండి. నొక్కులు, కనిపించిన సార్లు రెండూ వేర్వేరుగా తెచ్చి, లుకర్ స్టూడియోలో కాలిక్యులేటెడ్ ఫీల్డు (మీరే సూత్రం రాసి పుట్టించే అంకె) పెట్టి, నొక్కుల మొత్తాన్ని కనిపించినవాటి మొత్తంతో భాగించండి. అప్పుడు ఏ మీట నొక్కినా శాతం సరిగ్గానే మారుతుంది.

సెర్చ్ కన్సోల్‌కి రిపోర్టులో రెండో పేజీ ఇవ్వండి, అనలిటిక్స్‌తో ఒకే పేజీలో కలపకండి. కారణం ఇదీ. అనలిటిక్స్‌లోని పరికరం మీట అనలిటిక్స్ చార్టులకే వర్తిస్తుంది. సెర్చ్ కన్సోల్‌లోనూ పరికరం అనే ఫీల్డు ఉన్నా, లుకర్ స్టూడియో లెక్కలో అది వేరే ఫీల్డు. చూసేవాడు "మొబైల్" ఎంచుకుంటాడు, సగం తెర మారుతుంది, సగం మారదు, అదెక్కడా చెప్పదు. ఇంతకన్నా మోసకారి తప్పు డ్యాష్‌బోర్డులో ఉండదు. తేదీ మీట మాత్రం రెండింటికీ పనిచేస్తుంది. రెండు మూలాలనీ బ్లెండ్ చేసి పేజీ పేజీకీ జత కలపాలని అనిపిస్తుంది. ఒకచోట పేజీ చిరునామా పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట డొమైన్ లేకుండా ఉంటుంది. అవి కలవక వరసలు ఖాళీగా వస్తాయి. మొదటి రిపోర్టులో ఆ జోలికి పోకండి.

సెర్చ్ కన్సోల్ తగిలించేటప్పుడు సైట్ ఇంప్రెషన్, యూఆర్ఎల్ ఇంప్రెషన్ అని రెండు టేబుళ్లు చూపిస్తుంది. ఒకే వెతుకులాటలో మీ పేజీలు రెండు కనిపిస్తే మొదటిది ఒకటిగా లెక్కిస్తుంది, రెండోది రెండుగా. పేజీల వారీ చూడాలంటే రెండోదే కావాలి. రెండింటి మొత్తాలూ సమానం కావు, అవుతాయని చూడకండి. మరీ తక్కువమంది వెతికిన మాటల్ని గోప్యత కోసం దాచేస్తుంది, కాబట్టి మాటల టేబుల్లోని నొక్కులన్నీ కూడినా సైటుకి వచ్చిన మొత్తం నొక్కులకన్నా తక్కువే ఉంటాయి. రోజులు కాలిఫోర్నియా గడియారం ప్రకారం లెక్కిస్తుంది, మనం మార్చలేం. ఉగాది నాటికి అక్కడ వేసవి గడియారం నడుస్తుంటుంది, మనకీ వాళ్లకీ పన్నెండున్నర గంటల తేడా. అందుకని పండగ పూట మన మధ్యాహ్నం పన్నెండున్నర దాకా "ఉగాది పచ్చడి" అని వెతికినవాళ్లంతా ముందురోజు ఖాతాలో పడతారు. పండగ పేజీ ఒకరోజు ముందే ఎగిసినట్టు కనిపిస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు.

తెలుగు సైట్లకి ఇంకో రెండు చిక్కులున్నాయి. పేజీ చిరునామా తెలుగులో ఉంటే టేబుల్లో శాతం గుర్తుల వాన కురుస్తుంది. చిరునామాలో ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులవుతుంది. "తెలుగు" అన్న మాటలో మూడు అక్షరాలు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు, అంటే 54 గుర్తులు. అందుకని టేబుల్లో పేజ్ పాత్ బదులు పేజ్ టైటిల్ పెట్టండి, తెలుగు హాయిగా కనిపిస్తుంది. కాకపోతే మధ్యలో శీర్షిక మారిస్తే ఆ పేజీ రెండు వరసలవుతుంది. రెండో చిక్కు వెతికే మాటలు. ఒకే సంగతిని కొందరు తెలుగు లిపిలో, కొందరు ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా కొడతారు. కాలిక్యులేటెడ్ ఫీల్డులో కేస్ (CASE, అంటే "ఇలా ఉంటే ఇది, లేకపోతే అది" అనే) వాక్యం రాయండి: రెజెక్స్‌ప్ కంటెయిన్స్ (REGEXP_CONTAINS) అనే ఫంక్షనుకి వెతికిన మాట ఉండే క్వెరీ ఫీల్డునీ, [అ-హ] అనే నమూనానీ ఇవ్వండి. దొరికితే "తెలుగు లిపి", లేకపోతే "వేరే లిపి". దాన్నే ఒక మీటగా పెడితే మీ పాఠకులు ఏ లిపిలో వెతికి వస్తున్నారో ఒక్క నొక్కుతో తెలిసిపోతుంది. శీర్షికలు ఎలా రాయాలన్నదానికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు కనబడలేదు.

వాట్సాప్‌లో పంచిన లింకులు చాలావరకు "డైరెక్ట్" (ఎక్కణ్ణుంచో తెలియనివాళ్లు) కింద జమవుతాయి, ఎక్కణ్ణుంచి వచ్చారో ఆ యాప్ చెప్పదు. లింకు చివర యూటీఎం గుర్తులు, అంటే ఏ మూలం నుంచి వచ్చారో అనలిటిక్స్‌కి చెప్పే మాటలు, తగిలించి పంచండి. మూలం పేరు ఎప్పుడూ చిన్నబడి ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయండి. ఒకరు పెద్ద అక్షరంతో, ఇంకొకరు చిన్న అక్షరంతో రాస్తే రెండు వేర్వేరు మూలాలవుతాయి.

ఇక వేగం. గూగుల్ చూసే కొలతలు మూడు. ఎల్‌సీపీ అంటే పేజీలో పెద్ద బొమ్మో పెద్ద పేరానో కనిపించడానికి పట్టే సమయం, 2.5 సెకన్ల లోపు ఉండాలి. ఐఎన్‌పీ అంటే నొక్కాక స్పందించడానికి పట్టే ఆలస్యం, 200 మిల్లీసెకన్ల లోపు. 2024 మార్చిలో ఎఫ్ఐడీ అనే పాత కొలత స్థానంలో ఇది వచ్చింది. సీఎల్ఎస్ అంటే చదువుతుండగా పేజీ ఎంత ఎగిరిపడుతోంది, 0.1 లోపు. మూడింటినీ సగటుతో చూడరు, నాలుగింట మూడొంతుల సార్లు ఆ హద్దులో ఉందా అని చూస్తారు. తొమ్మిదిమందికి ఒక్కో సెకను, పదో మనిషికి 21 సెకన్లు పడితే సగటు మూడు సెకన్లు. కానీ మూడు సెకన్లు ఆగినవాళ్లు ఆ పదిమందిలో ఒక్కరూ లేరు.

వీటిని డ్యాష్‌బోర్డులోకి తేవడానికి తేలికదారి గూగుల్ షీటు. తేదీ, పేజీ, పరికరం, మూడు కొలతలు, మొత్తం ఆరు నిలువు వరసలు. ముఖ్యమైన అయిదు పేజీలని వారానికోసారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ వాళ్ల వేగపరీక్షలో చూసి చేత్తో రాయండి. ఇక్కడ అసలు పాఠకుల లెక్క గత 28 రోజులది. మీరు ఇవాళ బొమ్మల సైజు తగ్గిస్తే రేపే మారదు, మెల్లగా దిగి నాలుగు వారాలకి పూర్తిగా కనిపిస్తుంది. పాఠకులు తక్కువున్న పేజీకి ఆ లెక్క రాదు, బదులుగా మొత్తం సైటు లెక్క చూపిస్తుంది; సైటుకే పాఠకులు తక్కువైతే ప్రయోగశాల అంకె, అంటే గూగుల్ యంత్రం తానే పేజీ తెరిచి చూసిన లెక్క, ఒక్కటే వస్తుంది, అందులో ఐఎన్‌పీ ఉండదు. ప్రయోగశాల అంకె ప్రతిసారీ కాస్త మారుతుంది కాబట్టి అయిదుసార్లు నడిపి మధ్య అంకె రాసుకోండి. రెండు రకాల అంకెల్నీ ఒకే గీతలో కలపొద్దు. సీఎల్ఎస్ ఎక్కువుంటే ముందు ఫాంటుని అనుమానించండి. వెబ్ ఫాంటు దిగేలోపు ఫోనులో ఉన్న తెలుగు ఫాంటుతో పేజీ కనిపిస్తుంది. కొత్తది రాగానే ఒత్తులూ గుడులూ పట్టే ఎత్తు మారి పేరాలన్నీ కిందికి జరుగుతాయి. వెడల్పూ ఎత్తూ రాయకుండా పెట్టిన బొమ్మలు దాని తర్వాతి దోషి.

చార్టులు మరీ ఎక్కువైతే అనలిటిక్స్ కోటా దాటిందని లుకర్ స్టూడియో చెబుతుంది. మామూలు ప్రాపర్టీకి ఒకేసారి పది అభ్యర్థనలే వెళ్తాయి, ఒక్కో చార్టూ కనీసం ఒక అభ్యర్థన. పేజీకి ఎనిమిది దాటనీయకండి.

పంచేముందు సరిచూడండి. ఏదో ఒక గడిచిపోయిన రోజు, ఒక్క పేజీ, ఒక్క పరికరం ఎంచుకోండి. దాని వ్యూస్ అంకె, అంటే ఆ పేజీ ఎన్నిసార్లు చూశారన్నది, అనలిటిక్స్‌లో నేరుగా చూసినదానితో కలవాలి. యూజర్ల అంకె అంచనా కట్టి చెబుతుంది కాబట్టి ఒకటీ అరా తేడా ఉండొచ్చు. వ్యూస్ బాగా తేడా వస్తే ఏదో ఫిల్టరు మర్చిపోయారు. డేటా క్రెడెన్షియల్స్ ఓనర్స్ అని ఉంటే లింకు అందినవాళ్లందరికీ అంకెలు కనిపిస్తాయి, వాళ్లకి మీ అనలిటిక్స్‌లో చోటు లేకపోయినా. ఇంట్లోవాళ్ల కోసం అది పర్వాలేదు. పదిమందికి పంపేముందు పేజీ చిరునామాల్లో ఎవరి ఈమెయిలో, ఫోను నంబరో దొర్లిందేమో ఒక్కసారి కిందిదాకా చూడండి.

మీ కాగితం మీద రాసిన మూడు ప్రశ్నలూ, అవి ఎలా మారాయో కూడా రాసి పంపండి.

మీ బాబాయి