పక్షుల బొమ్మల పుస్తకం: అపోహలు, వాస్తవాలు

మా పుస్తకానికి చిన్నాన్న మాటలు రాస్తారు, నేను బొమ్మలు వేస్తాను. శ్రీకాకుళం జిల్లా పక్షుల మీద పిల్లల పుస్తకం చేస్తున్నామని తెలిశాక చుట్టాలు, స్నేహితులు కొన్ని మాటలు పదేపదే అంటున్నారు.

అపోహ: తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయి.

ఇది పేపర్లలో కూడా వచ్చే మాటే. కానీ టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు మన దక్షిణాసియా పక్షులే. వానలు పడ్డాక నీళ్లు, చేపలు దొరికే చోటు చూసుకుని వస్తాయి, పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి వచ్చే ఓపెన్‌బిల్ కొంగలూ అంతే. చలికి తట్టుకోలేక ఉత్తరాది చలిదేశాల నుంచి నిజంగా దిగే బాతులు ఇక్కడ తిండి తిని పోతాయి గానీ, గూడు కట్టవు. చిన్నాన్న రాసుకున్న ‘మంచుదేశపు అతిథి’ పేజీ తీసేయాల్సి వచ్చింది. కథ బాగానే ఉండేది, ఏం చేస్తాం!

అపోహ: పిల్లల బొమ్మే కదా, అటూ ఇటూ అయినా పరవాలేదు.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. ఓపెన్‌బిల్ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. దాని పిల్లకి మాత్రం ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. గూటి బొమ్మలో తల్లికీ పిల్లకీ ఒకే ముక్కు పెట్టేస్తే పిల్లలకి అబద్ధం చెప్పినట్టే. ఎగిరేటప్పుడు ఎర్రకాళ్ల కొంగ మెడ చాపుతుంది. పొలాల్లో తిరిగే తెల్లకొంగ మాత్రం మెడ మడుచుకుంటుంది, గూడబాతు కూడా అంతే.

కాళ్ల దగ్గర పెద్ద గొడవే అయింది. “ఏటమ్మా ఇది, కొంగకి మోకాలు వెనక్కి తిరిగిపోయిందేటి?” అన్నారు చిన్నాన్న. అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది. ఎంత చెప్పినా వినలేదు. ఆదివారం కూరకి తెచ్చిన కోడి కాలు చేతికిచ్చి, తొడ దగ్గర కీలు ఒకటి, పాదం నరికిన చోటు ఇంకొకటి చూపించాకే ఒప్పుకున్నారు.

అపోహ: గూడబాతు గొంతు సంచిలో చేపలు దాచుకుని ఎగురుతుంది.

ఆ సంచి చేపలు పట్టే వల. నీళ్లు వార్చేసి చేపను అక్కడే మింగేస్తుంది. గూటికి వచ్చాక మింగినదాన్ని పైకి కక్కితే, పిల్లలు దాని నోట్లో తల దూర్చి తింటాయి.

అపోహ: బొమ్మలో ఏముందో మాటల్లో కూడా అదే రాయాలి.

‘పసుపు ముక్కు, గులాబీ ఈకలు’ అని రాయడం దేనికి, పక్కనే కనిపిస్తుంటే? ఎర్రకాళ్ల కొంగ పెద్దయ్యాక దాదాపు అరవదు, గూటి దగ్గర ముక్కులు టకటకలాడిస్తుంది. ఆ చప్పుడు నా కుంచెకు రాదు, చిన్నాన్నే రాయాలి.

అపోహ: ఇంట్లోవాళ్లతో పని ఈజీ.

ముక్కూ మొహం తెలియని ఎడిటర్‌కి ‘ఈ వాక్యం బాగులేదు’ అని చెప్పేయవచ్చు. చిన్నాన్నకి చెప్పాలంటే టీ పెట్టి, అరగంట ఊరి విషయాలు మాట్లాడి, అప్పుడు చెప్పాలి. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఎలా ఉండాలో, వచ్చే డబ్బు ఎలా పంచుకోవాలో ముందే కాగితం మీద పెట్టుకున్నాం. ఇంట్లో కొందరు నవ్వారు, నవ్వనీయండి.

అపోహ: ఇంక ప్రెస్‌కి ఇచ్చేస్తే అయిపోతుంది.

కంప్యూటర్‌లో మెరిసిపోయే పాలపిట్ట నీలం, అచ్చులో మసకబారుతుంది. తెర మీది రంగులన్నీ సిరాకి అందవు. అందుకే ప్రూఫ్ (అచ్చుకు ముందు తీసే నమూనా) కాగితం మీదే చూడాలి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు) నంబరు ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లున్నారు, కానీ కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. మధ్యలో పిన్ కొట్టే పుస్తకానికి పేజీలు 4 చొప్పునే పెరుగుతాయి. చిన్నాన్న ఇప్పుడు గిజిగాడు కథ ఒకటి, ‘ఒక్క పేజీయే’ అంటూ పట్టుకొచ్చారు. ఇంకో మూడు పేజీలకి కథలు తెస్తేనే అన్నాను. బేరం నడుస్తోంది.