గునుగుకు గోలీ ఎందుకు వేయలేదంటే

హన్మకొండ,
ఆదివారం మధ్యాహ్నం

బంగారు తల్లీ, చిన్నోడా,

మన పిల్లి గునుగుకు ఒంట్లో బాగాలేదని తెలిసి మొన్న రాత్రి ఫోన్లో ఏడుస్తూ, "మాకు జ్వరమొస్తే వేసే గోలీలో సగం విరిచి గునుగుకు వేయి అమ్మమ్మా" అన్నారు. నేను వద్దని గట్టిగా చెప్పి ఫోన్ పెట్టేశాను. అప్పుడు వివరించే ఓపిక లేదు. ఇప్పుడు చెబుతాను.

ఆ గోలీ పారాసిటమాల్. మన కాలేయం దాన్ని విరగ్గొట్టి ఒంట్లోంచి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైమ్ చాలా తక్కువ. అందుకే ఆ మందు దాని ఒంట్లో విషమవుతుంది, రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఊపిరాడదు. 500 మిల్లీగ్రాముల గోలీ ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి. సగమైనా ప్రమాదమే. పిల్లి మీద ప్రేమతోనే వేస్తారు ఎవరైనా, నా భయమంతా అదే.

చెవులు కాలుతున్నాయని జ్వరమనుకున్నారు మీరు. పిల్లి ఒళ్లు ఎప్పుడూ మనకన్నా వెచ్చన. 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా దానికి మామూలే. పశువుల దవాఖానలో డాక్టరమ్మ థర్మామీటరు పెట్టి చూస్తే 104 ఉంది. జ్వరం నిజమేగానీ, దాన్ని మంచానేసింది మాత్రం ముక్కు. జలుబుతో పూర్తిగా మూసుకుపోయింది. పిల్లి వాసన చూసి తింటుంది బిడ్డా. వాసన తెలియకపోతే ముందున్నది తిండి అని కూడా దానికి అనిపించదు. మనం ఒక రోజు తినకపోతే నీరసం, అంతే. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి అదే పెద్ద జబ్బవుతుంది.

అందుకని పూటపూటకూ గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి ముక్కు తుడిచాను. ఎండిన చీమిడి ఒక్కసారే లాగకూడదు, తడి అద్ది నానే దాకా ఆగాలి. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కారం లేకుండా కోడిమాంసం ఉడకబెట్టి, ఆ నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడే దగ్గర పెట్టాను. వేడికి వాసన లేస్తుంది కదా. పాలు పోయలేదు, పెద్ద పిల్లులకు చాలావాటికి పాలు అరగవు. డాక్టరమ్మ ఇచ్చిన మందు సిరంజితో నోటి పక్కనుంచి, దవడ సందులో, కొంచెం కొంచెంగా పోశాను. తల పైకెత్తి గొంతులోకి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ వారం ఇంట్లో ఏదీ సరిగ్గా లేదు. మోటారు కాలిపోయింది, నల్లా వచ్చినప్పుడే బిందెలన్నీ నింపుకోవాల్సి వచ్చింది. మేడ మీద ఆరబెట్టిన వడియాలు కోతులు ఎత్తుకుపోయాయి. తాతకు మోకాళ్ల నొప్పులు. వంట సగంలో గ్యాస్ అయిపోయింది. సరిగ్గా అప్పుడు, ఉతికి మడతపెట్టిన చద్దరు మీద గునుగు కక్కింది. నేను అరిచాను. చేతిలోని గిన్నె ఠంగుమని గట్టు మీద కొట్టాను.

అది బియ్యం బస్తాల వెనక్కి దూరిపోయింది. పిల్లికి కోపం కారణం తెలియదు, చప్పుడు మాత్రమే తెలుస్తుంది. జబ్బు చేసిన పిల్లి అసలే చాటు వెతుక్కుంటుంది, నేను దాన్ని ఇంకా లోపలికి తరిమాను. నేల మీద బోర్లా పడుకుని టార్చి వేస్తే, గునుగుపువ్వులా ఉండే ఆ తోక నీరుకారి, బూజంటుకుని, కాళ్ల మధ్య నక్కి ఉంది. నాకు ఏడుపొచ్చింది. రెండు గంటలు పిలిస్తేగానీ రాలేదు. మందు అంత ఆలస్యమైంది, తప్పు నాదే. ఆ తర్వాత నుంచి విసుగొచ్చినప్పుడు ముందు వాకిట్లోకి పోయి నిలబడి, ఆ తర్వాతే దాని దగ్గరికి వెళ్తున్నాను.

వాంతి తుడవడానికి ఫినాయిల్ సీసా తీసి, మళ్లీ లోపల పెట్టేశాను. పిల్లి ఆ తడి మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, అదీ దాని కాలేయానికి పడదు. సబ్బునీళ్లతోనే కడిగాను.

తాత క్యాలెండరు మీద రోజూ రాస్తున్నాడు: ఎంత తిన్నది, నీళ్లు తాగిందా, ఇసుకలో ఉచ్చ పోసిందా. డాక్టరమ్మ మొదట అడిగేది ఈ లెక్కే. మీరొచ్చాక ఆ రాత పని మీది. ఉచ్చ రాకుండా ముక్కుతూ కూర్చున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, తెల్లారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే నన్ను లేపాలి.

పూర్తిగా తేరుకున్నాక టీకాలు వేయిస్తారట. ఇంతకుముందే వేయించి ఉండాల్సింది.

ఈ పొద్దున రవ్వ చేప ముల్లు తీసి ఉడకబెట్టాను. వాసనకు తనంతట తనే లేచి వచ్చింది. నాలుగు ముక్కలు తిని, గిన్నె నాకి, మీ పరుపు మీదికెక్కి పడుకుంది. తోక ఇంకా కడగలేదు, మీకోసం ఉంచాను.

మీ అమ్మమ్మ