పండిత సభ నుంచి 'ఫై కప్పా ఫై' దాకా: సభ్యత్వం వెనుక కథ

అమెరికాలో పాఠాలు చెప్పే మన పాలమూరు, నల్లగొండ ప్రొఫెసర్లలో ఎవరికైనా 'ఫై కప్పా ఫై' అనే అక్కడి విద్వాంసుల గౌరవ సంఘంలో సభ్యత్వం వచ్చిందంటే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది: ఇది అవార్డా, డిగ్రీయా? రెండూ కాదు. చదువులో మేటి అని తోటి విద్వాంసులు ఎన్నుకొని తమ పక్కన కూర్చోబెట్టుకోవడం.

ఈ మర్యాద పాలమూరుకు కొత్తది కాదు. గద్వాల సంస్థానానికి 'విద్వద్గద్వాల' అన్న పేరు ఊరికే రాలేదు. కార్తీక, మాఘ మాసాల్లో అక్కడ పండిత సభలు జరిగేవి. సభను మెప్పించినవారికి సత్కారం దక్కేది. సంస్థానాలతోపాటే ఆ సభలూ పోయాయి.

అమెరికాలో ఈ వరుస 1776 డిసెంబరు 5న, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో మొదలైంది. అక్కడి విద్యార్థులు పెట్టుకున్న 'ఫై బీటా కప్పా' మొదట్లో రహస్య సంఘం. దాని పతకం చదరపు వెండి బిళ్ల, మీద మూడు గ్రీకు అక్షరాలు. తర్వాత అదే జేబు గడియారానికి కీ ఇచ్చే తాళంచెవి అయింది. 1886లో కార్నెల్ యూనివర్సిటీలో సైన్సు పరిశోధకుల కోసం 'సిగ్మా సై' వచ్చింది. 1897లో మెయిన్ యూనివర్సిటీలో పదిమంది విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు, ఆ విద్యాసంస్థ అధ్యక్షుడు కలిసి ఫై కప్పా ఫై పెట్టారు. సైన్సుకే పరిమితం కాకుండా అన్ని చదువులకూ చోటుండాలన్నది వాళ్ల పట్టుదల.

అడిగితే ఇచ్చేది కాదిది. యూనివర్సిటీలో సంఘం శాఖ ఉండాలి, దాన్నే చాప్టర్ అంటారు. మూడో ఏడు విద్యార్థుల్లో పై 7.5 శాతం, చివరి ఏడువాళ్లలో పై 10 శాతం లోపల ఉన్నవారినే పిలుస్తారు. ప్రొఫెసర్లకు మార్కుల లెక్క లేదు, పాండిత్యంలో సాధించిన విశిష్టతే కొలమానం. ఆహ్వానం వచ్చాకే రుసుము కట్టి చేరతారు.

మోసపోయేది ఇక్కడే. అసలు సంఘమూ రుసుము తీసుకుంటుంది కాబట్టి డబ్బు అడిగారన్న ఒక్క కారణంతో నకిలీ అనలేం. ఎన్నుకున్నది ఎవరు, మన యూనివర్సిటీలో చాప్టర్ ఉందా, దాని బాధ్యుడెవరు? వీటికి జవాబు లేకుండా మెయిల్లో 'మీరు ఎంపికయ్యారు' అని వస్తే పక్కన పెట్టేయాలి.

మన దేశంలో దీనికి దగ్గరగా ఉన్నవి సైన్సు అకాడమీల ఫెలోషిప్‌లు, అంటే వాటి సభ్యత్వాలు. ఆ అకాడమీల్లో అలహాబాదులో 1930లో, బెంగళూరులో సి.వి. రామన్ చేతుల మీదుగా 1934లో పుట్టినవి రెండు. 1935లో కలకత్తాలో మొదలైన మూడోదే నేటి ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ). వీటిలో ఉన్న ఫెలోలే కొత్తవారిని ఎన్నుకుంటారు. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చినవి. ఇంత కొత్త క్యాంపస్‌లలో మంచి పని చేసినా ఆ సంగతి ఫెలోల చెవిన పడదు. తమ పేరు సూచించమని ఒక ఫెలోను అడిగినప్పుడూ సెమినార్ సర్టిఫికెట్లతో ఫైలు నింపేస్తారు. అలా కాకుండా, తాను కనుక్కొన్నదేమిటో ఒక పేజీలో తేటగా రాసి, దానికి ఆధారమైన నాలుగైదు పేపర్లు జతచేసి, ఉమ్మడి పేపరైతే అందులో తన పాలు ఎంతో చెప్పాలి. చదివే ఫెలో ముందుగా వెతికేది ఆ పేజీనే.