మీడియా తేటగా ఉంటే కల్చర్ శుభ్రమేనా? సెల్ లైన్ల మీద అపోహలు - వాస్తవాలు

కాకినాడ, రాజమండ్రి, భీమవరం నుంచి ప్రాజెక్టుకొచ్చే పిల్లలు ముందు అడిగేది ఇదే: ల్యాబు ఫ్లాస్కుల్లో తరతరాలుగా పెంచే (కల్చర్ చేసే) ఈ సెల్ లైన్ల కణాలు ముట్టుకుంటే మాకూ క్యాన్సర్ వస్తుందా? రాదమ్మా. పరాయి మనిషి కణాల్ని మన రోగనిరోధక శక్తి మామూలుగా ఉండనివ్వదు. అయితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాల్లో హెచ్‌పీవీ-18 అనే వైరస్ జన్యువులున్నాయి కాబట్టి గ్లౌజులు, హుడ్ (శుద్ధి చేసిన గాలి వచ్చే క్యాబినెట్) తప్పనిసరి. కల్చర్ దగ్గర సూదులు వాడకండి. ఇంట్లోవాళ్ళకూ ఈ మాటే చెప్పండి, భయపడకుండా ఉంటారు.

అసలు కొంప ముంచే అపోహ వేరే ఉంది: "మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం) తేటగా ఉంది, పెన్-స్ట్రెప్ (పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ యాంటిబయాటిక్‌లు) వేస్తున్నాం, ఇంకేం భయం?"

మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా ఉన్నా మీడియా మసకబారదు, మామూలు మైక్రోస్కోపులో కనబడదు. దానికి కణకవచమే లేదు, ఇక పెన్సిలిన్ దేన్ని కొడుతుంది? 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి కూడా దూరిపోగలదు. రొయ్యల చెరువులో నీళ్ళు తేటగా ఉన్నాయని జబ్బు లేదనుకోవడం లాంటిదే ఇది. మైకోప్లాస్మా కణాలకు కావాల్సిన ఆర్జినైన్ (ఒక అమైనో ఆమ్లం) తినేస్తుంది, ఎదుగుదల మందగిస్తుంది, ఎంటీటీ (బతికున్న కణాలను కొలిచే పరీక్ష) రీడింగులు అటూ ఇటూ అవుతాయి. మీరేమో అది మందు ప్రభావమని థీసిస్‌లో రాసేస్తారు.

ఎక్కువగా వచ్చేది మన నోట్లోంచి, మీడియాలో కలిపే సీరమ్ నుంచి, పక్క ల్యాబు ఇచ్చిన ఫ్లాస్కు నుంచి. అందుకే కొత్త లైన్‌ను విడిగా పెట్టి, యాంటిబయాటిక్ లేకుండా రెండు మూడు రోజులు పెంచి, ఫ్లాస్కు నిండాక పైనున్న మీడియా తీసి పీసీఆర్ (డీఎన్‌ఏను గుర్తించే పరీక్ష) చేయండి. డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే హెక్స్ట్ రంగు వేస్తే న్యూక్లియస్ బయట చుక్కలు కనిపిస్తాయి. ఉందని తేలితే 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో చంపి) పారేయండి, చల్లార్చి దాచిన పాత వయల్ (చిన్న సీసా) తీయండి. మందుల కోర్సు మళ్ళీ దొరకని లైన్‌కే. అయ్యాక కూడా పరీక్ష తప్పదు.

మన దగ్గర వానాకాలంలో బూజు బెడద మరొకటి. ఇంక్యుబేటర్ (కణాలు పెంచే వెచ్చని పెట్టె) ట్రేలో స్టెరైల్ డిస్టిల్డ్ నీళ్ళే పోసి వారానికోసారి మార్చండి. అట్టపెట్టెల్ని కల్చర్ గదిలోకి రానివ్వకండి. కరెంటు పోతే ఇంక్యుబేటర్ తలుపు తీయకండి, అంతే.

"చావులేని కణాలు, ఎన్నిసార్లయినా పాసేజ్ చేయొచ్చు (కొత్త ఫ్లాస్కులోకి మార్చి పెంచొచ్చు)" అనేది ఇంకో మాట. బతుకుతాయి, కానీ మారిపోతాయి. తొలి పాసేజ్‌ల్లోనే 10 శాతం డీఎంఎస్‌వోతో (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం), నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లార్చి, లిక్విడ్ నైట్రోజన్‌లో దాచండి. పశువుల ఆసుపత్రిలో వీర్యం స్ట్రాలు ఉంచేదీ ఆ లిక్విడ్ నైట్రోజన్‌లోనే, నవ్వకండి.

వయల్ మీద పేరు నమ్మకండి. రొమ్ము క్యాన్సర్ లైన్ అని ఏళ్ళ తరబడి వాడిన ఎండీఏ-ఎంబీ-435 చివరికి ఎం14 అనే మెలనోమా (చర్మ క్యాన్సర్) లైన్ అని తేలింది. ఎస్‌టీఆర్ పరీక్ష (డీఎన్‌ఏతో లైన్ ఏదో గుర్తించేది) చేయించండి, పని మొదలుపెట్టే ముందే.