సగటు చూసి మురిసిపోవద్దు: ప్రజారోగ్యంలో కొన్ని అపోహలు - వాస్తవాలు

జబ్బు రాకుండా చూడటం అంటే టీకాలు వేయడం, కరపత్రాలు పంచడం, శిబిరాలు పెట్టడం అని చాలామంది అనుకుంటారు. దేశం మొత్తానికి ప్రణాళిక వేసేవాళ్లకు అసలు తలనొప్పి వేరే ఉంది: మన లెక్కలోకి రానివాళ్లు ఎవరు, ఎక్కడున్నారు?

అపోహ: 95 శాతం పిల్లలకు తట్టు టీకా పడింది, ఇక భయం లేదు.

ఆ 95 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఎవరికీ రక్షణ లేని చోట ఒక తట్టు రోగి నుంచి 12 నుంచి 18 మందికి సోకుతుంది. 15 మందికి అనుకుంటే, వాళ్లలో 14 మందికి రక్షణ ఉంటేనే వ్యాప్తి ఆగుతుంది. అంటే 93 శాతం పైమాటే. పైగా రెండు డోసులు పడ్డాక కూడా నూటికి సుమారు ముగ్గురిలో రక్షణ రాదు. అందుకే రెండు డోసులూ కనీసం 95 శాతం మందికి పడాలంటారు.

ఈ లెక్క నిలవాలంటే టీకా పడనివాళ్లు అంతటా సమానంగా చెదిరి ఉండాలి. వాళ్లేమో ఒకేచోట గుంపుగా ఉంటారు. తలా వెయ్యి మంది పిల్లలున్న 20 పేటలు తీసుకోండి. 19 పేటల్లో 97 శాతం, ఒక్క పేటలో 57 శాతం. సగటు సరిగ్గా 95. రిపోర్టు కళకళలాడుతుంది. ఆ ఒక్క పేటలో మాత్రం టీకా పడని పిల్లలు 430 మంది ఒకే బడికి వెళ్తూ, ఒకే వీధిలో ఆడుకుంటూ ఉంటారు. తట్టు వచ్చేది అక్కడికే.

రెండో చిక్కు హారంలో, అంటే శాతం కట్టడానికి తీసుకునే మొత్తం పిల్లల సంఖ్యలో ఉంది. ఒక కేంద్రం 104 శాతం చూపిస్తే చప్పట్లు కొట్టకండి. పిల్లల సంఖ్యను పాత జనాభా లెక్కల నుంచి అంచనా కట్టి ఉంటారు, లేదా పక్క ప్రాంతం పిల్లలు అక్కడికొచ్చి వేయించుకుని ఉంటారు. వలస కుటుంబాలు, చిరునామా లేనివాళ్లు చాలాసార్లు లవంలోనూ ఉండరు, హారంలోనూ ఉండరు.

అందుకే శాతంతో పాటు డ్రాపౌట్, అంటే మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్ల శాతం కూడా చూడాలి. పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా) మొదటి డోసు సంఖ్యలోంచి మూడో డోసు సంఖ్య తీసేసి, మొదటి డోసు సంఖ్యతో భాగించి, వందతో హెచ్చవేయండి. 10 శాతం దాటిందంటే జనం వచ్చారు గానీ మళ్లీ రాలేదు. తప్పు కేంద్రంలోనే వెతకాలి: టీకా అయిపోయిందని తిప్పి పంపారా, తర్వాతి తేదీ చెప్పలేదా? మొదటి డోసే తక్కువైతే కథ వేరు. కేంద్రం దూరమై ఉంటుంది, లేదా కూలి మానుకుంటే తప్ప రాలేని వేళల్లో నడుస్తూ ఉంటుంది. మొదటి రకం చోటికి సంచార బండి, రెండో రకం చోటికి గుర్తుచేసే మెసేజ్ పంపితే డబ్బు దండగ.

అపోహ: టీకాను ఎంత చల్లగా ఉంచితే అంత మంచిది.

చాలా టీకాలను ఉంచాల్సింది 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. గడ్డకడితే దాని రేణువులు ముద్దలు కడతాయి, కరిగాక మళ్లీ విడిపోవు. టీకా శక్తి పోతుంది. సీసా మీద రంగు మారే వీవీఎం గుర్తు వేడిని పట్టిస్తుంది గానీ గడ్డకట్టడాన్ని పట్టించదు.

ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను నేరుగా క్యారియర్‌లో (టీకాలు మోసుకెళ్లే పెట్టెలో) పెడితే ఇలా జరగొచ్చు. బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలే చప్పుడు వినిపించాకే పెట్టాలి. అనుమానం వస్తే షేక్ టెస్ట్ ఉంది. అదే కంపెనీ, అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలనే రాత్రంతా గడ్డకట్టించి, కరగనివ్వాలి. దాన్నీ అనుమానమున్న సీసానీ ఒకే చేత్తో పట్టుకుని బాగా ఊపి, బల్ల మీద పక్కపక్కన పెట్టి 30 నిమిషాల వరకు చూడాలి. రెండింటిలోనూ మడ్డి ఒకే వేగంతో దిగినా, అనుమానమున్న దాంట్లో ఇంకా త్వరగా దిగినా ఆ సీసాలు వాడకూడదు. ఐస్ ప్యాక్‌ల మధ్య ఎక్కువసేపు ప్రయాణించేవి మారుమూల శిబిరాలకు వెళ్లే సీసాలే. రిజిస్టర్‌లో టిక్కు పడి, ఒంట్లో రక్షణ రాని ప్రమాదం కూడా అక్కడి పిల్లలకే.

అపోహ: అవగాహన కల్పిస్తే చాలు.

గర్భంలో శిశువు మెదడు, వెన్నుపాముగా మారే నాడీ గొట్టం గర్భం కుదిరిన సుమారు 28 రోజులకే మూసుకుపోతుంది. సరిగ్గా మూసుకోకపోతే జన్మలోపాలు వస్తాయి. నెల తప్పిందని తెలిసి పరీక్ష చేయించుకునేసరికే ఆ గడువు దగ్గరపడుతుంది, ఒక్కోసారి దాటిపోతుంది. వీటిని తగ్గించడానికి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. కరపత్రం చదివి, ముందే ఆలోచించుకుని, మాత్ర కొనుక్కోగలిగేది ఎక్కువగా చదువూ డబ్బూ ఉన్నవాళ్లే. ప్రచారం బాగా నడిస్తే ఈ అంతరం తగ్గకపోగా పెరగొచ్చు. అదే పిండిలో కలిపితే ఎవరూ ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అమెరికాలో 1998 నుంచి పోషకాలు కలిపే ధాన్యపు పిండిలో 100 గ్రాములకు 140 మైక్రోగ్రాములు తప్పనిసరి చేశాక ఈ జన్మలోపాలు తగ్గాయి. ఉప్పులో అయోడిన్ కలపడం వెనకున్నదీ ఇదే ఆలోచన.

అపోహ: ఎంతమందికి స్క్రీనింగ్ (లక్షణాలు లేకపోయినా జబ్బు కోసం చేసే పరీక్ష) చేస్తే అంత మేలు.

వెయ్యి మందిలో పది మందికి జబ్బు ఉందనుకోండి. పరీక్ష జబ్బున్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 90 శాతానికి లేదనే చెబుతుంది. బాగానే ఉన్నట్టుంది కదా? జబ్బున్న పదిమందిలో 9 మంది దొరుకుతారు. జబ్బు లేని 990 మందిలో 99 మందికీ పాజిటివ్ వస్తుంది. అంటే 108 మంది హడలిపోతే నిజంగా జబ్బున్నది 9 మందికి. మిగతా వాళ్లందరికీ మళ్లీ పరీక్షలు, సెలవులు, నిద్రలేని రాత్రులు. పాజిటివ్ వచ్చినవాళ్లకు తర్వాతి పరీక్ష, చికిత్స అందే దారి సిద్ధంగా లేకపోతే స్క్రీనింగ్ మొదలుపెట్టకపోవడమే నయం.

అపోహ: ఆరోగ్య అసమానత పేదల సమస్య.

లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగుల మీద చేసింది. అందరికీ జీతం ఉంది, ఉచిత వైద్యం ఉంది. అయినా అట్టడుగు హోదాలో గుండెజబ్బు మరణాలు పై హోదా కంటే సుమారు మూడింతలు. మధ్య మెట్ల మీద ఉన్నవాళ్లు కూడా పై మెట్టువాళ్ల కంటే ఎక్కువగానే చనిపోయారు. గీత గీసి కింద ఉన్నవాళ్లకు మాత్రమే సేవలిస్తే ఈ మధ్యవాళ్లు తప్పిపోతారు. సేవ అందరికీ ఉండాలి, మోతాదు అవసరాన్ని బట్టి మారాలి: నర్సు ప్రతి బాలింత ఇంటికీ వెళ్తుంది, కొన్ని ఇళ్లకు రెండుసార్లు, కొన్నింటికి పదిసార్లు.