పిల్లల్లో మూత్రం వెనక్కి తన్నితే: సూదితో, చిన్న రంధ్రాలతో చికిత్స

కిడ్నీ నుంచి దిగే మూత్రనాళం మూత్రాశయం గోడలోంచి నేరుగా లోపలికి రాదు. గోడ పొరల మధ్య ఏటవాలుగా కొంతదూరం సాగి, అప్పుడు తెరుచుకుంటుంది. మూత్రాశయం నిండేకొద్దీ ఆ సొరంగం నొక్కుకుపోతుంది కాబట్టి మూత్రం పైకి వెళ్లదు. ఇది సరిగా పనిచేయాలంటే సొరంగం పొడవు నాళం వెడల్పుకు సుమారు 5 రెట్లు ఉండాలి. పుట్టుకతో అది పొట్టిగా ఉంటే మూత్రం వెనక్కి తన్నుతుంది. దీన్నే రిఫ్లక్స్ అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు క్రిములు కూడా కిడ్నీకి చేరతాయి. చలితో జ్వరం వస్తుంది, కిడ్నీలో మచ్చలు పడవచ్చు.

సన్నని గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్స్‌రేలో కనిపించే ద్రవం నింపి, బిడ్డ మూత్రం పోసేటప్పుడు ఫొటోలు తీసి రిఫ్లక్స్‌ను 1 నుంచి 5 వరకు గ్రేడ్లుగా లెక్కిస్తారు. 1, 2 గ్రేడ్లు చాలామందిలో ఎదిగేకొద్దీ వాటంతటవే తగ్గిపోతాయి, వాటికి తొందరపడి ఆపరేషన్ చేయడం సరికాదు. మందులు వాడుతున్నా జ్వరంతో ఇన్ఫెక్షన్లు తిరగబెడుతుంటే, కిడ్నీ మచ్చలను చూపే డీఎంఎస్ఏ స్కాన్‌లో కొత్త మచ్చలు కనిపిస్తే, పెద్ద గ్రేడ్ ఏళ్లు గడిచినా తగ్గకపోతే అప్పుడు ఆలోచించాలి.

అన్నిటికన్నా చిన్న ప్రక్రియ ఇంజెక్షన్: నాళం నోటి దగ్గర సూదితో ఒక పదార్థాన్ని ఎక్కించి ఉబ్బు లేపడం. 1984లో డబ్లిన్ వైద్యులు ఓడానెల్, పురి దీన్ని టెఫ్లాన్ పేస్టుతో ప్రచారంలోకి తెచ్చారు. ఆ రేణువులు ఒంట్లో వేరేచోట్లకు చేరే ప్రమాదం ఉండడంతో టెఫ్లాన్ వెనకబడింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది డెక్స్‌ట్రానోమర్ అనే పదార్థపు సన్నని గోళాలు కలిసిన హైఅల్యురోనిక్ యాసిడ్ జెల్. అమెరికాలో దీనికి 2001లో అనుమతి వచ్చింది.

బిడ్డకు పూర్తి మత్తు ఇచ్చి, మూత్రద్వారం గుండా సిస్టోస్కోప్ (మూత్రాశయం లోపల చూసే సన్నని గొట్టం) పంపుతారు. బయట కోత ఉండదు. మూత్రాశయాన్ని సగమే నింపుతారు. నిండుగా నింపితే గోడ సాగిపోయి, లేచే ఉబ్బు సరిగా కనిపించదు. నీటిధారతో నాళం నోరు తెరిపించి, నోటి కింది అంచు దగ్గర, సొరంగం లోపలివైపు లోపొర కిందికి సూదిని కొన్ని మిల్లీమీటర్లు దించుతారు. జెల్ నెమ్మదిగా ఎక్కిస్తుంటే ఉబ్బు లేచి సొరంగం గోడలను దగ్గరకు నొక్కుతుంది. అవసరమైతే నోటి దగ్గర మరో ఉబ్బు లేపుతారు. మొత్తం జెల్ సాధారణంగా 1 మిల్లీలీటరు అటూఇటూ. చివర్లో మళ్లీ నీటిధార కొట్టినా నోరు తెరుచుకోకూడదు. సూదిని వెంటనే లాగితే జెల్ అదే రంధ్రంలోంచి కారిపోతుంది, అందుకే కాసేపు అలాగే ఉంచుతారు. సూది లోతెక్కువైతే జెల్ కండరంలోకో గోడ అవతలికో పోయి ఉబ్బే లేవదు, మరీ పైపైన గుచ్చితే లోపొర చిరుగుతుంది. ఈ చికిత్స ఫలితమంతా ఆ కొద్ది మిల్లీమీటర్ల మీదే ఆధారపడి ఉంటుంది.

చాలామంది పిల్లలు అదే రోజు ఇంటికి వెళ్తారు. 2006లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం ఒక్క ఇంజెక్షన్‌తో రిఫ్లక్స్ పోయిన నాళాలు 1, 2 గ్రేడ్లలో 78 శాతం, 3లో 72, 4లో 63, 5లో 51. ఉబ్బు జారినా కుంగినా రెండోసారి చేయవచ్చు.

పెద్ద గ్రేడ్లలో, ఇంజెక్షన్ విఫలమైనప్పుడు ల్యాప్రోస్కోపీ లేదా రోబో సాయంతో కొత్త సొరంగం కడతారు. చిన్న రంధ్రాల గుండా పనిముట్లు పంపి, మూత్రాశయం కండరాన్ని లోపొర చిల్లుపడకుండా చీల్చి, ఆ గాడిలో నాళాన్ని పడుకోబెట్టి, పైన కండరాన్ని కుడతారు. కోతకు వాడే కరెంటు పరికరం వేడి నాళానికి తగిలితే తర్వాత అక్కడ మూత్రం కారడమో నాళం బిగుసుకోవడమో జరుగుతుంది. రెండువైపులా ఒకేసారి చేస్తే దగ్గరి నరాలు దెబ్బతిని కొన్నాళ్లు మూత్రం రాకపోవచ్చు. మరో పద్ధతిలో మూత్రాశయాన్నే కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి లోపల పనిచేస్తారు. మరీ పసిపిల్లల్లో అందుకు చోటు చాలదు. పొట్ట కోసి చేసే పాత ఆపరేషన్‌ విజయం 95 శాతం పైనే, దాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఏ పద్ధతికైనా ముందు మలబద్ధకం, మూత్రం ఆపుకునే అలవాటు సరిచేయాలి. లోపలి ఒత్తిడి తగ్గకపోతే మంచి ఉబ్బు కూడా నిలవదు. ఆపరేషన్ తర్వాత నాళం మూసుకుపోలేదని తేల్చుకోవడానికి కొన్ని వారాలకు అల్ట్రాసౌండ్ తప్పనిసరి. జ్వరం వస్తే మూత్రపరీక్ష చేయించాలి. ఇంజెక్షన్ కాగితాలు ఏళ్ల తరబడి దాచాలి: ఆ జెల్‌లో సున్నం చేరితే సీటీ స్కాన్‌లో మూత్రనాళంలో రాయిలాగే కనిపిస్తుంది, ఆ సంగతి తెలియని డాక్టరు లేని రాయి కోసం ఆపరేషన్‌కు పంపే ప్రమాదం ఉంది.